పరాయి ఊరి గంటకు ఆముదం

మా నాయనకు చెవులు వినపడటం లేదన్న సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, మా అమ్మకు, నాకు. నాలుగో మనిషికి తెలిసిందంటే ఆయన చేతిలోంచి గంట తాడు పోతుంది. ఎనభైల మొదట్లో ఒక ఈస్టర్ సోమవారం నాడు అమ్మ నన్ను గంటలు కొట్టేవాళ్ళ వెంట సత్యవేడు పక్క పల్లెకు తోలింది అందుకే. పైకి చెప్పింది మాత్రం వేరు. మగవాళ్ళు ముగ్గురూ పోతున్నారు, తిండీ నీళ్ళూ చూసుకోవడానికి ఆడపిల్ల ఒకతె ఉంటే మేలని. నాకు ఒళ్ళు మండిపోయింది. టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నదాన్ని, ఎక్కడికి తోలితే అక్కడికి పోవాల్సిందే!

"ఆయన పక్కనుంచి కదలొద్దు మే. ఎవురేమడిగినా నువ్వే అందుకో. ఈ పొద్దు గడిస్తే సాలు," అంది అమ్మ.

చిత్తూరులో మా గుడికి మూడు గంటలు. దొరల కాలంలో ఓడలో వచ్చాయని చెప్పేవారు. పెద్ద గంట తాడు మా నాయనది. ఊళ్ళో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, పెద్దగంటాయన అనేవారు. నడిమి గంట ఒక మేస్త్రీది. గోడలు కట్టే మేస్త్రీ, నాయనకు ప్రాణ స్నేహితుడు, నాకు చిన్నాయన. చిన్న గంట ఒక దర్జీది. ఆయన నాకు మామ, వరస కలుపుకున్న మామ. ముగ్గురికీ జీతం లేదు, బత్తెం లేదు. ఆదివారమైనా, పెళ్ళయినా, చావైనా వీళ్ళు ముందు పోయి చివర రావాలి. అందరికీ పండగైతే వీళ్ళకు పని. అందుకని ఈస్టర్ మర్నాడు ముగ్గురూ కలిసి ఏదో ఒక పల్లెకు పోయి, ఆ ఊరి గంట కొట్టి, కోడికూర తిని వచ్చేవాళ్ళు. అదే వాళ్ళ పండగ.

నాయన సంగతి నేను కనిపెట్టింది అంతకు ముందు క్రిస్మస్ అప్పుడు. ఆయన వెనక అమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. పక్కింట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. నాయన మటుకు అద్దం ముందర మీసం కత్తిరించుకుంటూనే ఉన్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. నా ముఖం చూసి కత్తెర కింద పెట్టేశాడు. ఏళ్ళ తరబడి నెత్తిమీద పెద్ద గంట మోగుతుంటే చెవులు ఎట్లా నిలుస్తాయి! ముందు పిచ్చుకలు పోయాయట, ఆ తరువాత రేడియో, ఆ తరువాత అమ్మ మాటలు. "గుడి పెద్దలకు తెలిస్తే తాడు పెరికేస్తారు. గమ్మున ఉండు బిడ్డా," అని నా గడ్డం పట్టుకున్నాడు. మా నాయన నా గడ్డం పట్టుకుని అడగడం! ఊ అనకుండా ఎట్లా ఉంటాను.

గంటలు కొట్టేవాళ్ళకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పరాయి ఊరికి పోతే ముందు ఆ ఊరి గంటకు ఆముదం పెట్టాలి, ఆ తరువాతే తాడు పట్టాలి. చుట్టాలింటికి పోయి కాళ్ళు కడుక్కుని లోపలికి పోయినట్టన్నమాట. ఒకరు ఆముదం బుడ్డితో పైకెక్కి గంట ఇరుసుకు నూనె పెడతారు. పని అయ్యాక చేతులు బయటికి తీసి "లాగప్పా!" అని కేక వేస్తారు. కింద తాడు దగ్గరున్న మనిషి "లాగుతాండా!" అని బదులు చెప్పి అప్పుడు లాగాలి. మా గుడి గంటలకూ వారం వారం ఇదే పద్ధతి. ఇంకొకటి దీనికంటే గట్టి కట్టుబాటు. తాడు చేతిలో ఉన్న మనిషిని ఎవరూ తాకకూడదు. తాకితే పట్టు తప్పుతుంది, తాడు పైకి ఎగిరి మనిషిని కూడా లేపుకుపోతుంది. ఎంత అవసరమైనా నోటితో చెప్పాలే తప్ప చెయ్యి వెయ్యకూడదు.

మరి నాయన అన్నాళ్ళు ఎట్లా నెట్టుకొచ్చాడంటారా? మేస్త్రీ చిన్నాయనకు ఒక అలవాటు ఉంది. నూనె పెట్టడం అయిపోగానే పైనుంచి తాడును రెండుసార్లు గుంజి, అప్పుడు కేక వేస్తాడు. ఆ రెండు గుంజులూ చేతికి తగలగానే నాయన "లాగుతాండా!" అనేవాడు. కేక విని అన్నాడనే అందరూ అనుకునేవారు. చిన్నాయన కూడా.

చిత్తూరులో బస్సు ఎక్కాక కొంచెంసేపు నాకు హాయిగానే ఉంది. ఆ డొక్కు బస్సు మోతలో అందరూ చెవిటివాళ్ళే. కండక్టరు వచ్చి "యాడికి?" అనగానే, నాయన నోరు తెరవక ముందే "పుత్తూరు, నలుగురం" అని అందుకున్నాను. "పెద్దోళ్ళుండంగా ఈ పాపకేమబ్బా ఇంత నోరు," అన్నాడు కండక్టరు. అనుకోనీ, నాకేం.

పుత్తూరులో దిగి టీ తాగేటప్పుడు మొదలైంది నా చావు. అక్కడ మోత లేదు. దర్జీ మామ గ్లాసు ఊదుకుంటూ, "అన్నా, ఆముదం బుడ్డి యాడ పెట్టినావు?" అన్నాడు. పెదవులు చూసి మాట పట్టుకునే నాయన, ఆ మాట చివర మాత్రమే చూశాడు కాబోలు. "అవునప్పా, ఈ యేడు ఎండ ఎక్కువే," అన్నాడు.

మామకు టీ పొలమారింది.

"ఎండకు బుడ్డి కాగిపోతాదని నా సంచిలో పెట్టినాడు మామా. అదే చెప్తాండాడు," అన్నాను.

మామ నవ్వి ఊరుకున్నాడు. చిన్నాయన నవ్వలేదు. నావైపు చూసి, "మీ నాయన ఈ మధ్య ఒకటడిగితే ఒకటి సెప్తాండాడు మే," అన్నాడు. "వయసు గదా చిన్నాయనా," అన్నాను. "నాకూ అదే వయసు గదా!" అన్నాడు. గ్లాసులు కడిగే మిషతో లేచి అవతలికి పోయాను.

ఇంకో బస్సు పట్టుకుని సత్యవేడుకు ఇవతలే రోడ్డు మీద దిగేసరికి పల్లెవాళ్ళు పంపిన ఎద్దుల బండి కాచుకుని ఉంది. ఆ పక్క మాటల్లో తెలుగు సగం, అరవం సగం. బండి తోలే ఆయన "వాంగ, వాంగ, రాండయ్యా" అని ముగ్గురికీ వందనాలు పెట్టి, దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ గంటను చింతకొమ్మకు కట్టి కొట్టేవారట. ఈ యేడు ఊరంతా కలిసి గంటకు గోపురం కట్టుకున్నారట. ఈ పొద్దు అందులో మొదటిసారి మోగించాలట.

"మొదటి తాడు పెద్దగంటాయనదే. పాదిరి అయ్యగారు కూడా వచ్చి కూసోనుండాడు. ఊరంతా కాసుకోనుండాది," అన్నాడు.

నాయన ఆయన పెదవులే చూస్తున్నాడు. మొదటి తాడు అన్న మాట అందింది. ఆయన ముఖం వెలిగిపోయింది. మా గుడిలోది ఆయన చేతికి తెలిసిన గంట. ఇది కొత్త దూలం, కొత్త తాడు, తెలియని గంట. పైన ఒకరు చేతులు పెట్టి ఉంటే కింద ఈయన తాడు పట్టుకుని నిలబడాలి. ఏమైనా అయితే?

ఆయనతో మాట్లాడాలి. ఎట్లా మాట్లాడేది? గుసగుసగా చెబితే వినపడని మనిషితో రహస్యం ఎట్లా మాట్లాడతారు, మీరే చెప్పండి! బండి దిగాక నీళ్ళు ఇచ్చే వంకన ఆయనను కానుగ చెట్టు చాటుకు తీసుకుపోయి, ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులతో చెప్పాను. నేను గోపురం వాకిటి ముందర నిలబడతాను. నన్నే చూస్తూ ఉండు. నేను కొంగు తలమీద వేసుకుంటే లాగు. వేసుకోకపోతే లాగొద్దు.

"సరే," అన్నాడు. మళ్ళీ ఆయనే, "పైన ఉండేది వాడే గదా. వాడు గుంజితే నాకు తెలీదా," అన్నాడు. నేను రెండు చేతులూ జోడించాను. "సరేలే తల్లీ," అన్నాడు.

గోపురం చిన్నదే. కింద ఒక ఇరుకు గది, దానికి పలకల పైకప్పు, పలకల్లో బెజ్జం, అందులోంచి తాడు కిందికి వేలాడుతోంది. లోపల నిలబడిన మనిషికి పైన ఏం జరుగుతున్నదీ కనపడదు. పైన కమానులో గంట, దాని పక్కన, గాడిలో తాడు తిరిగే చెక్క చక్రం. ఎక్కడానికి గోడకు వెదురు నిచ్చెన ఆనించారు. చిన్నాయన ఆముదం బుడ్డి నడుముకు చెక్కుకుని ఎక్కాడు. దర్జీ మామ నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాడు. నాయన గదిలోకి పోయి తాడు పట్టుకుని నావైపు తిరిగి నిలబడ్డాడు. నేను వాకిటి ముందర ఎండలో, తల మీద కొంగు లేకుండా నిలబడ్డాను.

అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నాడు. అబ్బ, అంతకంటే అదును దొరకలేదు ఆయనకు! ఆడవాళ్ళంతా ముసుగులు వేసుకున్నారు. నేను వేసుకోలేదు. వెనకనుంచి ఒకామె నా భుజం మీద తట్టింది. "ముసుగేసుకో మే, ప్రార్థన జరగతాండాది." నేను కదల్లేదు. ఇంకొకామె, "పట్నం పిల్లలకు భయమూ లే, భక్తీ లే," అంది. ఆమె చెయ్యి చాచి నా కొంగు పట్టుకుని తలమీదికి లాగబోయింది. నేను ఆ చేతిని విదిలించి కొట్టాను. అవును, ప్రార్థనలో కొట్టాను. గదిలోంచి నాయన కళ్ళు నా తలమీదే ఉన్నాయి. అయ్యగారు ఆమెన్ అనేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా నన్ను చీదరగా చూస్తున్నారు.

అప్పుడు పైనుంచి చిన్నాయన కేకేశాడు. "అమ్మాయీ! ఇరుసంతా సున్నం మెత్తుకోనుండాది. నీ సంచిలో పాతగుడ్డ ఉండాదే, బిన్నా, తొందరగా తెచ్చీ!"

మామ నిచ్చెన వదలలేడు. ఊరివాళ్ళకు ఇద్దామంటే ఇందాకటి సంగతికి ఎవరూ నా ముఖం చూడటం లేదు. నేను నాయనకు అరచెయ్యి చూపించి, ఆగమని పెదవులతో చెప్పాను. ఆయన తల ఊపాడు. గుడ్డ నోట కరుచుకుని నిచ్చెన ఎక్కాను.

పైకి పోయి చూస్తే చిన్నాయన కమానులో బోర్లా వంగి, కుడిచేతిని మోచేతి దాకా చక్రానికీ దూలానికీ మధ్యలోకి పోనిచ్చి ఉన్నాడు. గుడ్డ ఎడమచేత్తో అందుకున్నాడు. అందుకుంటూ, "ఈ తాడు గాడిలోంచి జారింది సూడు," అని, దాన్ని సరిచెయ్యడానికి పైనుంచి గుంజాడు. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి.

నాయనకు లాగమనే గుర్తు అది.

కిందనుంచి నాయన గొంతు ఖంగుమంది. "లాగుతాండా!"

"ఎవుర్రా లాగమనింది!" అన్నాడు చిన్నాయన. ఆ మాట పూర్తి కాకుండానే చక్రం తిరిగింది. చక్రంలోని అడ్డకొయ్య వచ్చి ఆయన చేతిని దూలానికేసి నొక్కింది. గంట ఒక్క దెబ్బ మోగింది. కింద జనం "స్తోత్రం! స్తోత్రం!" అని కేకలు, చప్పట్లు. చిన్నాయన నోరు తెరిచి "ఆగప్పా! చెయ్యి! నా చెయ్యి!" అని అరుస్తున్నాడు. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

మొదటి లాగు మెల్లగా లాగుతారు, గంటను కదిలించడానికి. రెండోది ఒళ్ళంతా వేసి లాగుతారు. ఆ రెండింటికీ నడుమ ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి. ఆ రెండోది లాగితే చిన్నాయన చెయ్యి ఉండదు. గోడ కట్టే చెయ్యి.

"నాయనా ఆగు!" అని అరిచాను. అరుస్తూనే, ఎవరిని పిలుస్తున్నానే నేను, అనుకున్నాను. దర్జీ మామకు పైనుంచి వచ్చిన కేక అందింది. నిచ్చెన పట్టుకునే మెడ తిప్పి, వాకిట్లోంచి లోపలికి, "అన్నా ఆగు! ఆగన్నా!" అని అరిచాడు. అరుస్తాడు గానీ పోయి పట్టుకోడు. తాడు మీద ఉన్న మనిషిని తాకకూడదు గదా! అన్న విన్నాడు, ఆగుతాడు అనే ఆయన నమ్మకం. లోపల తాడు పైకి లేస్తోంది. నాయన రెండు చేతులూ తాడుతో పాటు పైకి పోతూ ఉంటాయని నాకు తెలుసు.

అప్పుడు అరిచాను. నా గొంతులో అంత ఉందని నాకే తెలియదు.

"మామా, మా నాయనకు చెవులు వినపడవు! చెవిటివాడు! పోయి చేతులు పట్టుకో!"

చప్పట్లు ఆగిపోయాయి. మామ ఒక్క క్షణం నా ముఖం చూశాడు. నిచ్చెన వదిలేసి లోపలికి ఉరికాడు. నిచ్చెన నా కింద పక్కకు ఒరిగింది. నేను కమాను అంచు పట్టుకుని వేలాడాను. చక్రం కొంచెం కదిలింది, ఆగింది, వెనక్కి వచ్చింది. చిన్నాయన చెయ్యి బయటికి లాక్కున్నాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయింది, నెత్తురు కారుతోంది. వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. అన్నీ కదిలాయి. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

కింద గదిలో నాయన రంకెలు వేస్తున్నాడు. మామ వెనకనుంచి వాటేసుకుని పట్టుకున్నాడు కదా, అది ఆయనకు ఎంత అవమానం! "తాడు మీద ఉన్నోణ్ణి పట్టుకుంటావా? బుద్ధి ఉండాదా నీకు? ఊరందరి ముందర నా మొదటి తాడు చెడగొడతావా?" అని తిడుతున్నాడు. మామ పట్టు మాత్రం వదల్లేదు. ఊరివాళ్ళు ఎవరో నిచ్చెన నిలబెట్టి మమ్మల్ని దింపారు.

చిన్నాయన నా ముందర నిలబడ్డాడు. "ఎన్నాళ్ళనుంచి మే?"

"క్రిస్మస్ అప్పుడు తెలిసింది నాకు."

"వారం వారం నేను పైన చేతులు పెడతానే ఉండానే. ఒక్క మాట సెప్పబుద్ధి కాలేదా నీకు?"

"చెప్పుంటే తాడు పెరికేసేవాళ్ళు గదా!" అన్నాను, ఏడుస్తూనే కోపంగా.

"పెరికేసేవాళ్ళమే," అన్నాడు. చెయ్యి ముందుకు చాచి చూపించాడు. "దీని సంగతి?"

కొంగుతో నెత్తురు అద్దబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాయన వాకిట్లోకి వచ్చాడు. చిన్నాయన చేతిమీద నెత్తురు చూశాడు. "ఏమైంది? ఏమప్పా, ఎట్ల తగిలింది?" అని ఒకరి ముఖం తరువాత ఒకరి ముఖం చూశాడు. అందరూ తలలు వంచుకున్నారు. ఇందాక నన్ను ముసుగు వేసుకోమన్న ఆమే ముందుకు వచ్చింది. పాపం, మంచిదే ఆమె. ఆయన ముఖానికి దగ్గరగా వచ్చి, నోరు ఇంతేసి తెరిచి, ఒక్కొక్క మాటే సాగదీసి, "ఏం... లేదు... నాయనా. దెబ్బ... సిన్నదే," అంది.

అంతే. ఆ తెరిచిన నోరు చూసి ఆయనకు అర్థమైపోయింది. అప్పటిదాకా ఎవరూ ఆయనతో అట్లా మాట్లాడలేదు. నావైపు తిరిగాడు. నేను తల ఊపాను.

భుజం మీది తువ్వాలు తీసి, చిన్నాయన దగ్గరికి పోయి, ఆ చేతికి చుట్టాడు. చుడుతూ, "తాడు రెండుసార్లు గుంజినావు గదప్పా," అన్నాడు. చిన్నాయన చెయ్యి ఇచ్చాడు గానీ ముఖం తిప్పుకుని ఉన్నాడు. ముఖం తిప్పుకుంటే నాయనకు మాట అందదు. ఏదో అన్నాడు చిన్నాయన. ఏమన్నాడో నాకూ వినపడలేదు.

ఊరు ఆగదు కదా. కాసేపటికి అయ్యగారు నిదానంగా అడిగితే దర్జీ మామ పోయి గంట కొట్టాడు. చిన్న గంట అలవాటున్న చెయ్యి. నడుమ ఒక దెబ్బ తప్పింది. నాయన బయట గోపురం గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. దెబ్బ తప్పినప్పుడు ఆయన వేళ్ళు కదిలాయి. కోడికూర వండి విస్తళ్ళు వేశారు. నలుగురం తిన్నామంటే తిన్నాం.

తిరుగుబండిలో నాయన నన్ను తట్టి, "నువ్వేమని అరిసినావో సెప్పు. ఉన్నదున్నట్టు," అన్నాడు. చెప్పాను. నా పెదవులు చివరిదాకా చూశాడు. "గట్టిగానే అరిసినావా?" అన్నాడు.

"ఊరంతా విన్నారు నాయనా."

"ఊ. చెయ్యి మిగిలింది. మంచిపని సేసినావు," అన్నాడు. కొంచెం దూరం పోయాక, "మన పెద్దలకు నేనే సెప్పుకుంటా. మీరెవురూ సెప్పొద్దండి," అన్నాడు. తాడు పోతుందని బండిలో అందరికీ తెలుసు. చిన్నాయన అప్పుడు ఇటు తిరిగాడు. నాయనకు ఎదురుగా ముఖం పెట్టి, నోరు పెద్దగా తెరవకుండా, మామూలుగా, "సెప్పు. నేనూ వస్తా," అన్నాడు.

పుత్తూరులో చిత్తూరు బస్సు కిక్కిరిసి ఉంది. ఇంకా బయలుదేరలేదు, మోత లేదు. కండక్టరు జనంలోంచి తోసుకుంటూ వచ్చి నాయన పక్కన నిలబడి, "యాడికయ్యా?" అన్నాడు. నేను అలవాటు చొప్పున నోరు తెరిచాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకు సెవులు ఇనపడవప్పా," అన్నాడు. గొంతు ఎంత పెట్టాలో తెలియక అరిచినట్టే అన్నాడు. బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. "నా మొగం సూసి, మెల్లగా అడుగు."

కండక్టరు వంగి, మెల్లగా మళ్ళీ అడిగాడు. నాయన చిత్తూరని చెప్పి, టికెట్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నావైపు వంగాడు.

"అందరికీ ఇనపడిందా?" అని అడిగాడు.

"వినపడింది నాయనా," అన్నాను.